కూలని మంచు చెప్పు పాఠము

ఒక పని మంచి ఫలము నిచ్చినచో, ఆ పనికి మూలమైన నిర్ణయము కూడ మంచిదే యగునా? లోకవ్యవహారము ఈ ప్రశ్నకు తడుముకొనక "అగును" అని జవాబు చెప్పును. పంట పండినచో రైతు తెలివిగలవాడు. వ్యాజ్యము గెలిచినచో న్యాయవాది సమర్థుడు. రోగి కోలుకొన్నచో వైద్యుడు ఘనుడు. పంట ఎండినను, వ్యాజ్యము ఓడినను, రోగి మరణించినను అదే నోరు వేరొక మాట పలుకును. రైతు చేసిన సేద్యము ఒకటే, వైద్యుడిచ్చిన మందు ఒకటే. మారినది ఫలము మాత్రమే. ఇట్టి తీర్పులోని పొరపాటు నిత్యజీవనములో అంతగ కంటికి కనబడదు. అది ప్రాణములతో ముడిపడి, తేటగ గోచరించు చోటు ఒకటి కలదు. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతములపై వసంతకాలమున నిలిచియుండు మంచు అట్టి చోటు.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు, ఆస్ట్రియా, ఇటలీ దేశములలో మార్చి మొదలు మే నెల వరకు, రోప్‌వేలు చేరని ఎత్తైన ప్రదేశములకు స్కీలు తొడిగి తమ కాళ్ల బలముతోనే ఎక్కిపోవువారు పెక్కురు. స్కీ యనగా పాదరక్షకు బిగించు పొడవైన సన్నని పలక. ఎక్కునపుడు మడమ విడివడి యుండును. పలక అడుగున ఒక నూగుపట్టీని అంటింతురు. ఆ నూగు స్కీని ముందుకు జారనిచ్చును, వెనుకకు జారనీయదు. పూర్వము ఈ పట్టీలను సీలు అను సముద్రజంతువు చర్మముతో చేసెడివారు. నేడు మేకవెండ్రుకలతోను నైలానుతోను చేయుచున్నారు. పైకి చేరిన పిదప పట్టీలను ఊడదీసి, మడమలు బిగించి, జారుచు దిగుదురు. నాలుగైదు గంటలు శ్రమపడి ఎక్కిన దానిని అరగంటలో దిగిపోవుదురు. ఫ్రాన్సులోని షామొనీ నుండి స్విట్జర్లాండులోని జెర్మాట్ వరకు హిమానీనదములమీదుగ సాగు 'ఓట్ రూట్' ఇట్టి యాత్రలలో మిక్కిలి పేరుగాంచినది. 1861లో ఆంగ్ల పర్వతారోహకులు ఆ దారిని వేసవిలో కాలినడకన తెరచిరి. 1911లో అది స్కీలపై పూర్తిచేయబడినది. నేడు దానికి సుమారు వారము దినములు పట్టును. రాత్రులు పర్వతములపై కట్టిన ఆశ్రయగృహములలో గడుపుదురు.

వసంతపు మంచు గడియకొక రూపము ధరించును. పగటి యెండకు పైపొర కరగి నీరు పట్టును. రాత్రి ఆకాశము నిర్మలముగ నున్నచో ఆ పొర తన వేడిమిని ఆకాశములోనికి వెడలించి గట్టిపడును. గాలి సున్న డిగ్రీలకంటె కొంచెము వెచ్చగ నున్నను ఇట్లు గడ్డకట్టుట కలదు. మబ్బు కమ్మినచో అది దుప్పటివలె కప్పి వేడిమిని క్రిందికి త్రిప్పి పంపును. అపుడు మంచు తెల్లవారినను మెత్తగనే మిగిలిపోవును. కాబట్టి అనుభవముగల మార్గదర్శి తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి వాకిట నిలిచి మొట్టమొదట చూచునది ఉష్ణమాపకము కాదు, నక్షత్రములను. పిదప చేతికఱ్ఱతో మంచును పొడుచును. పెచ్చుపై నిలిచి మడమతో తన్ని చూచును.

గట్టిపడిన పెచ్చు ఉదయమున మనిషిని మోయును. ప్రొద్దుపొడుపు తరువాత మొదట తూర్పువాలు, తరువాత దక్షిణపువాలు, అటుపిమ్మట పడమటివాలు మెత్తబడును. ఇట్లు మెత్తబడుటలో ఒక మధ్యస్థితి కలదు. అడుగుభాగము ఇంకను రాతివలె గట్టిగ నుండగా, పైన వ్రేలెడు మందము మాత్రము కల్లుప్పువలె రవ్వరవ్వగ విడివడును. ఆ వేళ ఆ వాలుపై జారుట ఎంత సుఖమనగా, నిన్న మొన్న నేర్చినవాడును తనను నేర్పరియని తలచును. జర్మనుభాష మాట్లాడు పర్వతవాసులు ఈ మంచును 'ఫిర్న్' అందురు. దీనికొఱకే చీకటిలో లేచి ఇంత దూరము వత్తురు. ఒక వాలుపై ఈ స్థితి గంటయో, గంటన్నరయో నిలుచును. పిదప నీరు లోనికింకును. రవ్వల నడుమనున్న బంధము కరగును. కాలు మొదట చీలమండ వరకు, ఆపైన పిక్క వరకు, తుదకు మోకాలి వరకు దిగబడును. అపుడు వాలు తనంత తానే కూలవచ్చును, ఒక్క మనిషి బరువునకును కూలవచ్చును. ముప్పది డిగ్రీలకు మించిన వాలులన్నియు అనుమానింపదగినవే. ఇంకిన నీరు లోపలనున్న ఒక పాత పెచ్చుపై నిలిచి, దానిపై నున్న పొరనంతయు ఒక్క పలకగ విడదీయుటయు కలదు.

ఇది ఎండ తగులు వాలుల కథ. అదే కొండకు ఉత్తరపు ముఖమున ఇంకను శీతకాలమే నడచుచుండును. అచ్చట డిసెంబరులోనో జనవరిలోనో ఏర్పడిన బలహీనమైన పొర పంచదారవలె పొడిపొడిగ లోపల దాగియుండి, పైకి ఏ గుర్తునూ చూపదు. శిఖరముపై నిలిచినవాడు ఒక ప్రక్కకు దిగినచో ఏప్రిలు మాసములోనికి, మరియొక ప్రక్కకు దిగినచో ఫిబ్రవరి మాసములోనికి దిగును. ఎండవాలు విషయమున నేర్చిన గడియారపు లెక్క నీడవాలు విషయమున పనికిరాదు.

ఈ విషయములపై శాస్త్రపరిశోధన లేకపోలేదు. స్విట్జర్లాండులో దావోస్ పట్టణమునకు పైన, 2,600 మీటర్లకు మించిన ఎత్తున, వైస్‌ఫ్లూయోఖ్ అను చోట 1936లో ఒక మంచుగుడిసెలో ఆరంభమైన పరిశోధన నేడు గొప్ప సంస్థగ వెలయుచున్నది. ప్రమాదమును ఐదు మెట్లుగ విభజించు కొలమానమును 1993 నుండి ఐరోపాదేశములు ఉమ్మడిగ వాడుకొనుచున్నవి. వసంతమున వెలువడు ప్రకటనలు ఉదయమునకు తక్కువ మెట్టును, మధ్యాహ్నమునకు ఎక్కువ మెట్టును చెప్పుట సామాన్యము. ఇచట ఒక వింత గమనింపవలసి యున్నది. స్విట్జర్లాండులో మంచుచరియలవలన మరణించువారిలో ఇంచుమించు సగముమంది ఐదవ మెట్టున గాని నాలుగవ మెట్టున గాని మరణింపరు. మూడవ మెట్టున మరణింతురు. ఐదవ మెట్టు ప్రకటించిన దినమున కొండకు పోవువాడు లేడు. మూడవ మెట్టు మాత్రము పోవచ్చునన్నట్లును పోరాదన్నట్లును ఉండి, నిర్ణయమును మనుష్యునికే విడిచిపెట్టును. అంతియే కాదు, మంచుపలక విరిగి దానిక్రింద చిక్కిన విహారయాత్రికులలో పదింట తొమ్మిది పాళ్లవరకు, దానిని కదిలించినది వారో వారి తోడివారో. కొండ వారిమీదికి వచ్చి పడలేదు. వారు తమ నిర్ణయముతో దానిని పిలుచుకొనిరి.

రెండు బృందములను ఊహించుకొనవచ్చును. మొదటిది ఆలస్యముగ, ఎనిమిదిన్నరకు బయలుదేరినది. రాత్రి మబ్బు పట్టినది. పెచ్చు పలుచగ నున్నది. అయినను వాతావరణము సొగసుగ నున్నది, దూరమునుండి వచ్చితిమి, సెలవు రేపటితో ముగియును అను మాటలు పైచేయి యైనవి. వారు ఒంటిగంటకు శిఖరమునుండి ఏటవాలుగ నున్న తూర్పుముఖముమీదుగ దిగిరి. మంచు మోకాలివరకు దిగబడుచుండెను. వాలు కూలలేదు. సాయంకాలము లోయలోని గ్రామమున కూర్చుండి నవ్వుకొనిరి. రెండవ బృందము ఐదు గంటలకే బయలుదేరినది. శిఖరము ఇంక నూట ఏబది మీటర్లున్నదనగా, పదిన్నరకు, మార్గదర్శి కఱ్ఱ గ్రుచ్చి చూచి, ఎడమప్రక్కనున్న బండలనుండి చిన్నచిన్న మంచుముద్దలు దొర్లుట గమనించి, "ఇచటనుండి తిరిగిపోవుదము" అనెను. తోడివారు మొగములు చిన్నబుచ్చుకొనిరి. వారు వచ్చిన దారినే దిగిరి. ఆ దినమంతయు ఆ వాలు కూడ కూలలేదు.

ఈ ఇరువురిలో ఎవరేమి నేర్చుకొనిరి? మొదటివారు తమకు మంచు తెలియునని నేర్చుకొనిరి. రెండవవారిలో కొందరు తమ మార్గదర్శి పిరికివాడని నేర్చుకొనిరి. రెండును అబద్ధములే. అయినను ఆ రెంటిని అబద్ధములని చూపుటకు ఆ దినమున ఏ సాక్ష్యమును లేదు. అపాయకరమైన వాలుకూడ అనేక పర్యాయములు కూలక ఊరకుండును. అది కూలకుండుట "నీవు చేసినది సరి" అని చెప్పుట కాదు. అది ఏమియు చెప్పుట లేదు. ఆ మౌనమును మనుష్యుడు తన అహంకారమునకు అనుకూలముగ అర్థము చేసికొనును. తిరిగివచ్చినవాని స్థితి ఇంకను కష్టము. తాను దిగని వాలు కూలియుండెడిదో లేదో ఆతడు ఎన్నటికిని ఎరుగడు. తన నిర్ణయము సరియైనదని నిరూపించు అవకాశము ఆతనికి ఈ జన్మమున లేదు.

మనస్తత్త్వశాస్త్రజ్ఞుడైన రాబిన్ హోగార్త్ అనుభవము తప్పుడు పాఠములు నేర్పు పరిస్థితులను గూర్చి వ్రాయుచు ఒక వైద్యుని కథను ప్రస్తావించెను. ఆ కథ వైద్యుడును రచయితయునైన లూయిస్ థామస్ చెప్పినది. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో న్యూయార్కులోని ఒక వైద్యుడు ఆస్పత్రిలోని రోగుల నాలుకలను వ్రేళ్లతో తడవి చూచి, కొన్ని దినములలో వీనికి టైఫాయిడు జ్వరము వచ్చునని ముందుగ చెప్పెడివాడు. ఆతని మాట తప్పక జరిగెడిది. ఆతని కీర్తి పెరిగినది. ఒక రోగి నాలుకను తడవిన చేతితోనే మరియొకని నాలుకను తడవుచు, ఆ జ్వరమును పంచిపెట్టుచున్నది తానే యని ఆతడు ఎరుగడు. వరుసగ సఫలమగుటయే ఆతనికి శాపమైనది. ఒక్కమారు ఆతని మాట తప్పియుండినచో ఆతడు తన చేతివంక చూచుకొనెడివాడేమో!

అమెరికాలో ఇయన్ మెక్‌కామన్ అను పరిశోధకుడు 1972 మొదలు 2003 వరకు జరిగిన 715 మంచుచరియ ప్రమాదములను పరిశీలించి 2004లో ప్రకటించిన విషయము దీనికి తోడుపడును. మంచును గూర్చి ఉన్నతశిక్షణ పొందినవారు కూడ, తమకు బాగుగ పరిచయమైన వాలులపైకి పోయినపుడు, శిక్షణ లేనివారితో సమానముగ అపాయమున తలదూర్చిరి. పరిచయమే వారి విద్యను మ్రింగివేసినది. ఈ వాలుపై ఇరువదిమార్లు దిగితిమి, ఏమియు కాలేదు అను మాటలో ఇరువదిమార్లు అన్నది జ్ఞానమువలె తోచును. నిజమునకు అది ఇరువదిమార్లు వినిపించిన మౌనము.

ఈ విషయము అర్థమగుటకు తెలుగువారు ఆల్ప్స్ వరకు పోనక్కరలేదు. వానకాలమున వాగు పొంగి చప్టామీదుగ పారునపుడు, ముందుపోయిన బండి దాటినదని వెనుకబండివాడు దింపును. అది దాటినదని మూడవవాడు దింపును. దాటిన ప్రతిబండియు వాగు లోతును తగ్గింపదు. చూచువాని భయమును మాత్రము తగ్గించును.

ఫలమందు ఆసక్తి విడిచి కర్మ చేయవలెనను గీతాబోధను సామాన్యముగ ఓటమి పొందినవానికి ఓదార్పుగ వాడుచుందురు. పరీక్ష తప్పిన విద్యార్థికిని, వ్యాపారమున నష్టపడినవానికిని పెద్దలు ఆ మాట చెప్పుదురు. గెలిచినవానికి ఎవరును చెప్పరు. కాని కొండవాలుపై ఆలోచించినచో ఆ బోధ గెలిచినవానికే ఎక్కువ అవసరమని తోచును. ఓడినవాడు ఎట్లును తన పనిని తిరిగి పరీక్షించుకొనును. దుఃఖమే ఆతనిచేత ఆ పని చేయించును. క్షేమముగ దిగినవాడు ఆగి, "మేము దిగిన తీరు సరియేనా, లేక బ్రతికిపోయితిమా?" అని అడుగుకొనుట అరుదు. ఫలమును నిర్ణయమునుండి వేరుచేసి చూచుటకు అత్యంత కష్టమైన సమయము ఫలము తియ్యగ నున్న సమయమే.

దీనికి రెండవ ప్రక్క కూడ కలదు. తెలిసినంతవరకు తెలిసికొని, వేళకు బయలుదేరి, వాలును పరీక్షించి, అనుమానమునకు చోటులేదని తోచిన పిదప దిగినవానిపై కూడ ఒకానొకప్పుడు మంచు కూలును. మరునాడు లోకము ఆతనిని మూర్ఖుడనును. జోనథన్ బారన్, జాన్ హెర్షీ అను ఇరువురు పరిశోధకులు 1988లో ప్రకటించిన ప్రయోగములలో ఈ స్వభావము వెల్లడియైనది. ఒకే స్థితిలో, ఒకే తెలివిడితో, ఒక వైద్యుడు శస్త్రచికిత్సకు పూనుకొనెనని చెప్పి, కొందరికి రోగి బ్రతికెననియు, మరికొందరికి రోగి మరణించెననియు తెలిపిరి. బ్రతికెనని విన్నవారు ఆ నిర్ణయము మేలైనదనిరి. మరణించెనని విన్నవారు దానిని తక్కువచేసిరి. ఆ గడియలో ఆ వైద్యుడు ఏమి తెలిసికొనగలిగియుండెను అన్నదే న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న వేయనివాడు చనిపోయినవానికి అన్యాయము చేయును, బ్రతికినవానికి అపకారము చేయును. దురదృష్టవంతునియెడల దయయు, అదృష్టవంతునియెడల కాఠిన్యమును చూపవలసియుండగా లోకము దీనికి సరిగ తలక్రిందుగ నడచుచున్నది.

అట్లయిన ఫలము గురువు కానపుడు గురువెవరు? ఆల్ప్స్ మార్గదర్శులు కాలక్రమమున అలవరచుకొనిన కొన్ని పద్ధతులు ఈ ప్రశ్నకు జవాబువంటివి. మొదటిది, నిర్ణయమును ముందుదినము సాయంకాలమే చేయుట. ఎన్ని గంటలకు ఎచ్చటనున్నను తిరిగిపోవలెనో ఆశ్రయగృహములో, కాళ్లు వెచ్చగనుండి మనస్సు చల్లగనున్న వేళ నిశ్చయింతురు. శిఖరము కంటికెదుట నిలిచిన వేళ మనుష్యుని గడియారము నెమ్మదిగ నడచును. స్విట్జర్లాండుకు చెందిన వెర్నర్ ముంటర్ 1990ల దశకమున ప్రచారముచేసిన పద్ధతిలో పరిశీలన మూడుమార్లు జరుగవలెను: ఇంటివద్ద ప్రాంతమంతటిని గూర్చి, దారిలో ఆ కొండను గూర్చి, తుదకు ఎదుటనున్న ఒక్క వాలును గూర్చి. ప్రతిమారును మంచును, భూమి స్వరూపమును, మనుష్యులను మూడింటిని చూడవలెను. మనుష్యులనగా వారి బలము మాత్రమే కాదు. ఎవడు ఎవని మెప్పుకొఱకు పోవుచున్నాడు, ఎవడు అలసియు చెప్పుకొనలేకున్నాడు అన్నదియు. మంచును గూర్చిన విద్యలో మనస్సునుగూర్చిన అధ్యాయమొకటి ఇట్లు చేరినది.

మరియొక అలవాటు ఇంకను సూక్ష్మమైనది. వాలును తాకుటకు ముందే, అది ఎట్లుండునని తాము తలచుచున్నారో పైకి చెప్పుదురు: "ఇచట పెచ్చు మోయును, ఆ మలుపు దాటిన తరువాత మెత్తబడియుండును." పిదప అడుగు పెట్టి చూతురు. తలచినది తప్పినచో, అపాయమేమియు జరుగకున్నను, దానిని తమ లోపముగ లెక్కవేసికొందురు. వసంతపు మంచు ఈ విషయమున దయగల గురువు. కఱ్ఱ ఎంత దిగినది, కాలు ఎంత దిగబడినది అని వెంటనే చెప్పును. వాలు కూలువరకు ఆగి నేర్చుకొననక్కరలేదు. బృందములో అందరికంటె చిన్నవాడు "నాకు అనుమానముగ నున్నది" అన్నచో, కారణము చెప్పలేకపోయినను, ఆ మాటతో ఆగిపోవుటయు కొందరి నియమము. కారణము చెప్పగలుగు నేర్పు వేరు, గమనించు నేర్పు వేరు.

ఇంత అనుమానపడువాడు ఇంటివద్దనే యుండరాదా యని ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. మంచులో పూడినవానిని వెదకుటకు వచ్చువారు తమ ప్రాణములను కూడ ఒడ్డుదురు. ఇంటివద్ద ఎదురుచూచువారు ఉందురు. అయినను ఇంటివద్ద కూర్చుండుట ఈ ప్రశ్ననుండి తప్పించుకొనుట కాదు. బిడ్డకు పెండ్లి సంబంధము చూచువాడును, రోగికి మందు మార్చు వైద్యుడును, ఊరికి చెఱువుగట్టు కట్టించువాడును గడియగడియకు మారు మంచుపైననే నిలిచియున్నారు. పూర్తిగ తెలిసిన పిదప చేయుదమన్నచో ఏ పనియు జరుగదు. ఎప్పుడును తిరిగివచ్చు మార్గదర్శి ఎప్పుడును దిగు మార్గదర్శికంటె ఎక్కువ నేర్చుకొనడు; ఇరువురును వాలును చూచుట మానివేసినవారే.

పైన చెప్పిన రెండు బృందములు దిగిపోయిన పిదప ఆ సాయంకాలము మబ్బు విడిపోవును. నక్షత్రములు కనబడును. మెత్తబడిన మంచంతయు తిరిగి గట్టిపడును. మొదటి బృందము ఒంటిగంటవేళ వేసిన లోతైన జాడలుకూడ ఉన్నవి ఉన్నట్లుగనే గడ్డకట్టి నిలుచును. మరునాటి ఉదయము ఆ దారిన మూడవ బృందమొకటి వచ్చును. తూర్పుముఖమున శిఖరమునుండి లోయవరకు ఎవరో చక్కగ దిగిన గుర్తులు వారికి కనబడును. అవి ఎన్ని గంటలకు పడినవో ఆ గుర్తులు చెప్పవు. బృందములో ఒకడు వానివంక చేయి చూపి ఉత్సాహముతో ఏదో అనును. ముందున్నవాడు జవాబు చెప్పక, చేతితొడుగు తీసి, గడియారము చూచుకొని, వంగి ఆ జాడలకు ప్రక్కగ కఱ్ఱను మంచులోనికి గ్రుచ్చును.